హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిలో వార్ధక్యం, ఫ్రెయిల్టీ

ఒంట్లో నిల్వ ఉండాల్సిన సత్తువ తరిగిపోయి, చిన్న జ్వరానికో చిన్న దెబ్బకో మనిషి మంచం పట్టే స్థితిని వైద్యులు ఫ్రెయిల్టీ అంటారు. ఇది ఒక జబ్బు పేరు కాదు, ఏ ఒక్క అవయవానికో చెందింది కూడా కాదు. పాతికేళ్లవాడికి విరేచనాలు పట్టుకుంటే నాలుగు రోజుల్లో లేచి పనికి పోతాడు. ఫ్రెయిల్టీ ఉన్న మనిషికి అవే విరేచనాలు వస్తే కర్ర చేతికొస్తుంది, ఆ తరవాత ఆ కర్ర వదలదు. మామూలు జనంలో ఇది ఎక్కువగా డెబ్బై దాటాక కనిపిస్తుంది. హెచ్‌ఐవీతో చాలాకాలంగా బతుకుతున్నవారిలో యాభైల్లోనే తలెత్తుతోంది. అందుకే హెచ్‌ఐవీ వైద్యంలో పెద్ద వయసు లెక్క 60 నుంచో 65 నుంచో కాకుండా 50 నుంచే మొదలవుతుంది.

ఎయిడ్స్ గురించి తొలి నివేదిక 1981 జూన్‌లో అమెరికాలో వెలువడింది. ఆ తరవాత పదిహేనేళ్లపాటు అది నడివయసు చూడనివ్వని జబ్బు. 1996లో మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స రావడంతో కథ మారిపోయింది. అప్పుడు ముప్పైల్లో ఉండి చావు కోసం ఎదురుచూసినవాళ్లు ఇప్పుడు అరవైల్లో మోకాళ్ల నొప్పులతో ఆస్పత్రికి వస్తున్నారు. అమెరికాలో హెచ్‌ఐవీ నిర్ధారణ అయినవారిలో సగం మందికి పైగా 50 దాటినవారే.

ఆయుష్షు పెరిగింది గానీ ఆరోగ్యంగా గడిపే ఏళ్లు అదే లెక్కన పెరగలేదు. కాలిఫోర్నియా కేంద్రంగా నడిచే కైజర్ పర్మనెంటే ఆరోగ్య సంస్థ సభ్యుల వివరాలతో 2020లో వచ్చిన ఒక అధ్యయనం ఈ తేడాను అంకెల్లో చూపించింది. 2014-16 నాటికి 21 ఏళ్ల వయసున్న హెచ్‌ఐవీ వ్యక్తి ఆయుర్దాయం, వైరస్ లేనివారి కంటే సుమారు 9 ఏళ్లు తక్కువ. గుండె, కాలేయం, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బులు, మధుమేహం, క్యాన్సర్ ఏవీ లేకుండా గడిపే కాలంలో మాత్రం తేడా 16 ఏళ్లు. మందులు చావును ఆపినంత బాగా ముసలితనాన్ని ఆపలేకపోతున్నాయి. ఫ్రెయిల్టీని కొలవడం అంటే ఈ మిగిలిపోయిన తేడాను కొలవడమే.

కొలిచే పద్ధతి

ప్రపంచమంతటా ఎక్కువగా వాడే కొలమానాన్ని 2001లో లిండా ఫ్రీడ్, ఆమె సహచరులు రూపొందించారు. అందులో ఐదు అంశాలున్నాయి. ఏడాదిలో తనంతట తానుగా నాలుగున్నర కిలోలు, అంతకంటే ఎక్కువ బరువు తగ్గడం, ఎప్పుడూ అలసటగా ఉండడం, చేతి పట్టు సడలడం, నడక మందగించడం, ఒళ్లు కదిలించే పనులు తగ్గిపోవడం. ఐదింటిలో మూడు ఉంటే ఫ్రెయిల్టీ, ఒకటో రెండో ఉంటే దానికి ముందు దశ.

దీనికి స్కానింగులు అక్కర్లేదు. ఒక వరండా, ఒక స్టాప్‌వాచ్, చేతి పట్టు కొలిచే డైనమోమీటరు చాలు. నేల మీద 15 అడుగుల దూరంలో రెండు గీతలు గీసి, "రోజూ ఎలా నడుస్తారో అలాగే నడవండి" అని చెబుతారు. మనిషి ఎత్తునుబట్టి ఆ దూరానికి ఆరు, ఏడు సెకన్లు, అంతకు మించి పడితే నడక మందగించినట్టు. తరవాత డైనమోమీటరు పిడిని బలమున్న చేత్తో మూడుసార్లు గట్టిగా నొక్కమంటారు. సన్నపాటి శరీరం ఉన్న మగవారి పట్టు 29 కిలోలకు, అలాంటి ఆడవారి పట్టు 17 కిలోలకు మించకపోతే బలహీనమని లెక్క. ఈ అంకెలు అమెరికా వృద్ధుల నుంచి వచ్చినవి. ఆసియా దేశాల నిపుణుల బృందం కండరాల క్షీణతను గుర్తించడానికి 2019లో మగవారికి 28, ఆడవారికి 18 కిలోల హద్దు పెట్టింది. అలసట సంగతి తేల్చేది రెండు ప్రశ్నలే: గడిచిన వారంలో ప్రతి పనీ భారంగా అనిపించిందా, అసలు పని మొదలుపెట్టడానికే ఒళ్లు సహకరించలేదా? "మూడు నాలుగు రోజులు అలాగే ఉందండీ" అన్నారంటే ఒక మార్కు పడినట్టే.

కెనడాలో కెనెత్ రాక్‌వుడ్, ఆర్నాల్డ్ మిట్నిట్‌స్కీ మరో దారి పట్టారు. మనిషిలో పోగుపడిన లోపాలను, అంటే వినికిడి తగ్గడం, బీపీ, స్నానానికి సాయం కావలసి రావడం వంటివాటిని, ముప్పైకి తగ్గకుండా జాబితా వేసి, అందులో ఎన్ని ఉన్నాయో భాగహారం చేయడం ఆ పద్ధతి. పరిశోధనకు ఇది బాగా పనికొస్తుంది. రద్దీగా ఉండే ఓపీలో మాత్రం నడక పరీక్షే నయం.

ఫ్రీడ్ కొలమానం హెచ్‌ఐవీ ఉన్నవారికి అన్నిచోట్లా అతకదు. బరువు తగ్గడమన్న అంశమే చూడండి. 1990ల్లో ఎయిడ్స్ అంటే చిక్కి శల్యమైన శరీరం. ఇప్పుడు డోలుటెగ్రావిర్ లాంటి మందులు మొదలుపెట్టాక చాలామంది బరువు పెరుగుతున్నారు. దక్షిణాఫ్రికాలో జరిగిన అడ్వాన్స్ ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చినప్పుడు ఈ సంగతి, ముఖ్యంగా ఆడవారిలో, స్పష్టంగా బయటపడింది. పొట్ట ముందుకొచ్చి, తొడలూ జబ్బలూ సన్నబడిన మనిషిని చూసి "బాగానే కోలుకున్నావే" అంటారు చుట్టాలు. కొవ్వు కింద కండ కరిగిపోతున్న సంగతి తూకం యంత్రం చెప్పదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేచి కూర్చోమంటే అది బయటపడుతుంది.

పరిశోధన నడిచిన దారి

ఈ విషయంలో మనకు తెలిసినదానిలో ఎక్కువ భాగానికి మూలం 1984లో అమెరికాలో మొదలైన మల్టీసెంటర్ ఎయిడ్స్ కోహోర్ట్ స్టడీ. బాల్టిమోర్, షికాగో, పిట్స్‌బర్గ్, లాస్ ఏంజెలెస్ నగరాల్లో పురుషులతో సంబంధాలున్న వేలమంది పురుషులు, వైరస్ ఉన్నవారూ లేనివారూ, ఆరు నెలలకోసారి వచ్చి రక్తమిచ్చి, ప్రశ్నలకు జవాబులిచ్చి వెళ్లేవారు. మహిళల కోసం ఇలాంటిదే మరొకటి 1993లో మొదలైంది. 2019లో రెండింటినీ కలిపేశారు. అప్పటి వాలంటీర్లలో చాలామంది ఫలితం తాము చూస్తామన్న ఆశ లేకుండానే చేరారు.

ఆ పురుషుల సమాచారం ఆధారంగా 2007లో వెలువడిన ఒక పరిశోధన పత్రం ఈ రంగానికి పునాది. సమర్థమైన మందులు రాకముందు, 1994-96 మధ్య సేకరించిన లెక్కలవి. వైరస్ సోకి నాలుగేళ్లు కూడా దాటని 55 ఏళ్ల పురుషుల్లో ఫ్రెయిల్టీని పోలిన లక్షణాలు 3.4 శాతం మందిలో కనిపించాయి. వైరస్ లేని పురుషుల్లో అంతే శాతం కనబడాలంటే 65 ఏళ్లు దాటాలి. పదేళ్ల ముందే వచ్చే ముసలితనం అన్న మాట వైద్య పత్రికల్లో స్థిరపడింది ఆ తరవాతే. చికిత్స మెరుగుపడ్డాక తీవ్రత తగ్గింది గానీ సమస్య పోలేదు. వివిధ దేశాల అధ్యయనాలను గుదిగుచ్చి చూసిన 2022 నాటి సమీక్ష ప్రకారం, 50 దాటిన హెచ్‌ఐవీ వ్యక్తుల్లో సుమారు పదిమందిలో ఒకరు ఫ్రెయిల్టీలో ఉన్నారు, దాదాపు సగం మంది ముందు దశలో ఉన్నారు. పట్టించుకోవాల్సింది ఆ రెండో సంఖ్యను. ముందు దశ నుంచి వెనక్కి రావడం సాధ్యమే.

లోపల జరిగేది

వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడనంత తక్కువకు పడిపోయినా ఒంట్లో ఒక సన్నని మంట ఆరకుండా మండుతూనే ఉంటుంది. దాని మూలం చాలావరకు పేగుల్లో ఉంది. వైరస్ సోకిన తొలి వారాల్లోనే పేగు గోడల్లో కాపలా కాసే సీడీ4 కణాలు పెద్దఎత్తున నాశనమవుతాయి. రక్తంలో సీడీ4 సంఖ్య మందులతో కోలుకున్నా పేగుల్లో అంత బాగా కోలుకోదు. పలచబడిన గోడ గుండా బాక్టీరియా శకలాలు రక్తంలోకి జారుతుంటాయి. 2006లో జేసన్ బ్రెంచ్లీ, డేనియల్ డూక్ బృందం ఈ సంగతి బయటపెట్టింది. రోగనిరోధక వ్యవస్థ ఆ శకలాలతో రాత్రింబవళ్లు పోరాడుతుంది. ఆ పోరాటపు గుర్తులుగా రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6, డీ-డైమర్ వంటివి పెరుగుతాయి. అవి ఎక్కువగా ఉన్నవారికి గుండెపోటు, మరణం ముప్పు కూడా ఎక్కువ.

మంట ఆర్పడానికి మందులు ఎంత అవసరమో 2006లోనే స్మార్ట్ ట్రయల్ తేల్చింది. 5,472 మంది పాల్గొన్న ఆ పరీక్షలో ఒక వర్గం సీడీ4 బాగున్నప్పుడు మందులు ఆపి, పడిపోయినప్పుడు మళ్లీ మొదలుపెట్టింది. మందులకు విరామమిస్తే గుండె, కిడ్నీలు, కాలేయం తెరిపిన పడతాయని ఆశించారు. జరిగింది తలకిందులు. ఆపినవారిలోనే ఆ జబ్బులూ చావులూ ఎక్కువయ్యాయి. మందుల దుష్ఫలితాల కంటే అదుపులేని వైరస్సే శరీరాన్ని త్వరగా అరగదీస్తుందని అప్పుడు తెలిసింది.

దీనికి తోడు సైటోమెగాలో వైరస్ ఉంది. చాలామందిలో నిద్రాణంగా ఉండే ఈ వైరస్‌ను కట్టడి చేయడంలోనే రోగనిరోధక కణాల్లో పెద్ద భాగం తలమునకలవుతుంది. ఎన్నోసార్లు విభజన చెంది అలిసిపోయిన సీడీ8 కణాలు పేరుకుంటాయి. సీడీ4, సీడీ8 కణాల నిష్పత్తి తలకిందులై ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. ఎనభై ఏళ్లవారి రక్తంలోనూ ఇలాంటి మార్పులే కనిపిస్తాయి. డీఎన్‌ఏ మీది రసాయన గుర్తులనుబట్టి శరీరపు వయసు లెక్కగట్టే పద్ధతితో చూసిన 2016 నాటి పరిశోధన, చికిత్సలో ఉన్నవారి జీవ వయసు అసలు వయసు కంటే దాదాపు ఐదేళ్లు ముందున్నట్టు చూపింది.

పాత మందుల సంగతి వేరుగా చెప్పుకోవాలి. స్టావుడిన్, డిడనోసిన్, కొంతవరకు జిడోవుడిన్ కణాల్లోని మైటోకాండ్రియాను దెబ్బతీశాయి. స్టావుడిన్ వాడినవారిలో బుగ్గలు లోపలికి పోయి, కణతలు గుంటలుపడి, చేతుల మీద నరాలు తేలేవి. అరికాళ్లు మంటలెత్తేవి. ప్రాణం నిలబెట్టిన మందే ముఖం మీద జబ్బు పేరు రాసిపెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో దీన్ని దశలవారీగా మానుకోమంది. మందు మానేశాక కూడా ఆ కాళ్ల తిమ్మిర్లు చాలామందిని వదల్లేదు. కాళ్లకింద నేల సరిగా తెలియని మనిషి నెమ్మదిగా నడవడమూ, తరచూ పడిపోవడమూ సహజం.

ఇంతకీ హెచ్‌ఐవీ ముసలితనాన్ని వేగం చేస్తోందా, లేక వచ్చే జబ్బుల బరువును పెంచుతోందా అన్నది పరిశోధకుల మధ్య తెగని వాదం. మొదటిది నిజమైతే జబ్బులు వయసు పెరిగేకొద్దీ మామూలు జనంతో పోలిస్తే ఇంకా ఇంకా ముందుకు జరగాలి. డెన్మార్క్ దేశవ్యాప్త రికార్డులతో చేసిన అధ్యయనంలో ముప్పు ఎక్కువగా ఉంది గానీ, ఆ తేడా కాలంతోపాటు పెరగలేదు. ఎవరితో పోలుస్తున్నామన్నదే అసలు చిక్కు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో పొగతాగడం, హెపటైటిస్ సి, పేదరికం, ఒంటరితనం ఎక్కువ. ఇవన్నీ ఫ్రెయిల్టీని విడిగానే పెంచుతాయి. వీధిలో పోయే సగటు మనిషితో పోలిస్తే తప్పంతా వైరస్ మీద పడుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఏజ్‌హెచ్‌ఐవీ అధ్యయనం అలవాట్లూ జీవనశైలీ కలిసిన జనం నుంచే పోలిక బృందాన్ని ఎంచుకుంది. అక్కడా తేడా కనిపించింది. ఎవరికి ముప్పు ఎక్కువన్న దానిమీద మాత్రం పెద్దగా వాదం లేదు: చికిత్స మొదలుపెట్టేలోపు సీడీ4 బాగా పడిపోయినవారికి, ముఖ్యంగా 200 దిగువకు చేరినవారికి.

మందుల మీద మందులు

యాభై దాటిన మనిషికి బీపీ, షుగరు, కొలెస్టరాల్ మందులు కూడా చేరతాయి. రోజుకు ఐదు, అంతకంటే ఎక్కువ రకాల మందులు వాడేవారిలో తూలిపడడం, ఫ్రెయిల్టీ ఎక్కువ. ఇక్కడ అదనపు చిక్కు ఏమిటంటే మందులకూ మందులకూ పడదు. ఇప్పుడు దేశమంతటా ఇస్తున్న టీఎల్‌డీ (టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన) మాత్రలోని డోలుటెగ్రావిర్, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్‌ను రక్తంలో పెంచుతుంది. అందుకే మెట్‌ఫార్మిన్ రోజుకు 1,000 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. కాల్షియం, ఐరన్ బిళ్లలు డోలుటెగ్రావిర్‌ను పేగులోనే పట్టేసుకుంటాయి. పరగడుపున వేసుకునేటట్టయితే టీఎల్‌డీ వీటికంటే రెండు గంటలు ముందో ఆరు గంటల తరవాతో వేసుకోవాలి, లేదంటే అన్నీ భోజనంతో కలిపి వేసుకోవాలి. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న గ్యాస్ టానిక్కులకు భోజనం మినహాయింపు కూడా లేదు, ఆ గంటల ఎడం పాటించి తీరాల్సిందే. క్షయకు రిఫాంపిసిన్ వాడేటప్పుడు డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు కావాలి. రెండో వరుస చికిత్సలోని రిటోనావిర్ ఉంటే సింవాస్టాటిన్ అసలు ముట్టకూడదు. ఉబ్బసానికి పీల్చే ఫ్లూటికసోన్ కూడా దానితో కలిస్తే ప్రమాదమే.

ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. అయితే హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ చీటీ ఒక సంచిలో, ఊళ్లో షుగరు డాక్టరు చీటీ మరో సంచిలో ఉంటాయి. జబ్బు పేరు బయటపడుతుందన్న భయంతో మనిషి ఆ రెండు సంచులనూ కలవనివ్వడు. కాల్షియం బిళ్ల రాసిన డాక్టరుకు టీఎల్‌డీ సంగతి తెలిసే దారే లేదు.

ఎముకల విషయంలో టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్‌కు అపకీర్తి ఉంది. ఏఆర్‌టీ మొదలుపెట్టిన ఒకటి రెండేళ్లలో ఎముక సాంద్రత 2 నుంచి 6 శాతం తగ్గుతుంది, ఆ మందు ఉంటే ఇంకాస్త ఎక్కువ. తుంటి ఎముక విరగడం మామూలు వృద్ధుల్లోనే మంచానికి దారి. మెనోపాజ్ దాటిన హెచ్‌ఐవీ మహిళలకు ఈ ముప్పు రెండువైపులా ఉంది. గుండె విషయంలో మాత్రం గట్టి శుభవార్త 2023లో వచ్చింది. భారత్ సహా 12 దేశాల్లో 40-75 ఏళ్ల మధ్య ఉన్న 7,769 మందితో జరిపిన రిప్రీవ్ ట్రయల్‌లో, గుండెజబ్బు ముప్పు పెద్దగా లేదనుకున్నవారికి కూడా రోజుకో పిటావాస్టాటిన్ మాత్ర ఇస్తే గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలు 35 శాతం తగ్గాయి.

తెలుగు రాష్ట్రాల్లో

మన దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులను 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలోమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల గుర్తించారు. ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టీ మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. తీవ్రత ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2021 జాతీయ అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తుంటే, ఆంధ్రప్రదేశ్‌లో 3.2 లక్షలు, తెలంగాణలో 1.56 లక్షల మంది ఉన్నారు. అంటే దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు తెలుగు రాష్ట్రాలవారే.

2004లో 35 ఏళ్ల వయసులో మందు మొదలుపెట్టినవారు ఇప్పుడు యాభై ఐదు దాటారు. అప్పట్లో సీడీ4 సంఖ్య 200 లోపు పడితేనో, ఎయిడ్స్ లక్షణాలు ముదిరితేనో మందు ఇచ్చేవారు. పాజిటివ్ అని తేలిన ప్రతివారికీ వెంటనే ఇవ్వాలన్న విధానం 2017లో వచ్చింది. పైగా తొలి విడతలో ఇచ్చింది స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్ కలిసిన మాత్రలు. పాశ్చాత్య పరిశోధనలు ఫ్రెయిల్టీకి కారణాలుగా చూపినవన్నీ, ఆలస్యంగా మొదలైన చికిత్స, పాత మందులు, క్షయ, చాలీచాలని తిండి, ఈ తరం ఒంటి మీద ఒకేసారి పడ్డాయి.

వీళ్లలో భర్త పోయాకే తమ సంగతి తెలుసుకున్న మహిళలు ఎందరో. ఇరవైల్లో విధవరాలై, పిల్లల కోసం కూలికి వెళ్లి, మందు మానకుండా ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చినవాళ్లు. మిరపకోతలకో నాట్లకో వెళ్లే మనిషి చేతి పట్టును డైనమోమీటరు బాగానే చూపిస్తుంది. ఒళ్లు కదిలించే పని తగ్గిందా అన్న ప్రశ్నకూ మార్కు పడదు. పొద్దంతా వంగి పనిచేసే శరీరంలో ఫ్రెయిల్టీ వేరే వేషంలో వస్తుంది: మధ్యాహ్నానికే గట్టు మీద కూర్చోవడం, ముఠాలో పేరు తీసేయడం, కూలి రోజులు సగానికి పడిపోవడం. మనకు కావలసిన ప్రశ్నావళిలో ఇవి ఉండాలి. వ్యాయామశాలకు వెళ్లారా, గోల్ఫ్ ఆడారా అని అడిగే విదేశీ పత్రం మన వరండాలో నవ్వులపాలవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్‌టీ తీసుకునేవారికి, తెలంగాణలో హెచ్‌ఐవీ బాధితులకు నెలవారీ పింఛను ఉంది. మందుల ఖర్చు లేకపోయినా గుడ్డుకీ పప్పుకీ అది అక్కరకొస్తుంది. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. చికిత్స, ఉద్యోగం, ఇల్లు వంటి విషయాల్లో వివక్షను అది నిషేధించింది, అనుమతి లేకుండా వివరాలు వెల్లడించకూడదంది. ముసలితనంలో ఈ రహస్యానికి కొత్త పరీక్ష ఎదురవుతుంది. మందు తానే తెచ్చుకోగలిగినంత కాలం కోడలికి చెప్పనక్కర్లేదు. కాలు విరిగి మంచాన పడ్డాక మందు ఎవరు తేవాలన్న ప్రశ్నతో పాటు ఎవరికి చెప్పాలన్న ప్రశ్న కూడా వస్తుంది.

చేయగలిగినది

ఫ్రెయిల్టీకి ఇంతవరకు మాత్ర లేదు. పనిచేస్తుందని గట్టిగా తేలింది వ్యాయామం, అందులోనూ బరువులెత్తే రకం. అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ అర్లాండ్సన్ బృందం, ఒళ్లు కదలని జీవితం గడుపుతున్న 50-75 ఏళ్లవారితో 24 వారాలు వ్యాయామం చేయించింది. వైరస్ ఉన్నవారూ లేనివారూ ఇద్దరూ పుంజుకున్నారు, ఉన్నవారు ఏమాత్రం వెనకబడలేదు. రోజుకు పదిసార్లు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, నీళ్ల సీసాలు ఎత్తడం, ఒంటికాలి మీద నిలబడి సమతూకం సాధించడం ఇంట్లోనే చేసుకోగలిగినవి. వాటికి తోడు తగినంత మాంసకృత్తులున్న తిండి కావాలి. అక్కర్లేని మందులు తీసేయించుకోవడం, కళ్లు చూపించుకోవడం, రాత్రి బాత్‌రూమ్ దారిలో దీపం పెట్టుకోవడం పడిపోకుండా కాపాడతాయి.

వ్యవస్థ వైపు నుంచి జరిగిన ప్రయత్నాల్లో శాన్‌ఫ్రాన్సిస్కో జనరల్ ఆస్పత్రిలోని వార్డ్ 86 చెప్పుకోదగ్గది. 1983లో ఎయిడ్స్ రోగుల కోసమే తెరిచిన ఆ ఓపీ విభాగం, 2017లో యాభై దాటినవారికి గోల్డెన్ కంపాస్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. నాలుగు దిక్కులకు నాలుగు పనులు: గుండె, మెదడు ఒక దిక్కు, ఎముకలు, సత్తువ ఒకటి, పళ్లు, చెవులు, కళ్లు ఒకటి, తోడు, స్నేహాలు ఒకటి. చివరిదాన్ని అక్కడ మిగతా మూడింటితో సమానంగా చూడడం గమనించదగ్గది. యూరోపియన్ ఎయిడ్స్ క్లినికల్ సొసైటీ మార్గదర్శకాలు కూడా పెద్ద వయసువారికి ఫ్రెయిల్టీ పరీక్షను చేర్చాయి. మన ఏఆర్‌టీ సెంటర్లలో నెలనెలా తూకం చూసే అలవాటు ఎలాగూ ఉంది. ఆ తూకం యంత్రం పక్కన నేల మీద రెండు గీతలు గీయడానికి నిధుల మంజూరు అక్కర్లేదు.

ఇక ఈ రంగంలో కొత్తగా దృష్టి పడుతున్నది పుట్టుకతోనే వైరస్ వచ్చినవారి మీద. చికిత్స రాకముందు వీళ్లలో చాలామంది బడి ఈడు దాటేవారు కాదు. బతికినవారు ఇప్పుడు ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నారు, పెళ్లిళ్లు చేసుకుని వైరస్ లేని పిల్లల్ని కంటున్నారు. ఎముకలు గట్టిపడాల్సిన కౌమారమంతా వైరస్‌తో, మందులతో గడిపినందున వీళ్లలో ఎముక సాంద్రత తోటివారి కంటే తక్కువగా ఉన్నట్టు పలు అధ్యయనాలు గుర్తించాయి. వయసు 35 అయినా వీళ్ల ఒంట్లో వైరస్ వయసు కూడా 35 ఏళ్లే. కాబట్టి 50 ఏళ్ల హద్దు వీళ్లకు సరిపోతుందా, పరీక్షలు ఇంకా ముందే మొదలుపెట్టాలా అన్నది అమెరికాలో, ఐరోపాలో ఈ తరాన్ని బాల్యం నుంచి అనుసరిస్తున్న పరిశోధక బృందాల ముందున్న ప్రశ్న.